కాంతయ్య కోటు

క్లాంగ్‌లోని కస్తూరి తెలుగు చుట్టాల్లో ఎవరు చలిదేశానికి బయల్దేరినా టిక్కెట్టు కొనకముందే ఆమె ఇంటికి వచ్చేవారు. ఎండ, వాన తప్ప మూడో కాలం ఎరగని మలేషియాలో చలికోటు ఇంటికొకటి ఉండదు. ఉంటే బంధువులందరికీ కలిపి ఒకటి ఉంటుంది. దాన్ని అందరూ బాజు సెజుక్ అని మలాయ్ మాటతోనే పిలుస్తారు. కస్తూరి చుట్టాలు మాత్రం దానికి మనిషి పేరు పెట్టుకున్నారు. కాంతయ్య కోటు.

కాంతయ్య కస్తూరి భర్త. రేవులో ఓడల కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడు. ఒకసారి కంపెనీ పని మీద కొరియా వెళ్లి, మంచు కురుస్తుంటే తట్టుకోలేక అక్కడ కొనుక్కున్నాడు ఆ కోటు. ముదురు నీలం రంగు, తలమీదికి లాక్కునే టోపీ. నీళ్లు పడితే చేమాకు మీద పడ్డట్టు జారిపోయేవి. తిరిగొచ్చాక క్లాంగ్ ఎండలో దాన్ని తొడుక్కుని, చెమటలు కక్కుతూ, గేటు దగ్గర నిలబడి ఫొటో తీయించుకున్న ఘనుడాయన. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కోటు మాత్రం ఊళ్లు తిరుగుతూనే ఉంది. లండన్ చూసింది, మెల్‌బోర్న్ చూసింది, కొరియాకే మళ్లీ వెళ్లొచ్చింది.

కోటు తిరిగిచ్చేటప్పుడు జేబులో ఆ దేశపు మిఠాయి ఒకటి పెట్టి ఇవ్వడం ఆనవాయితీ. "కోటు ఎలాగుంది?" అని కస్తూరి అడగడం, "అది లేకపోతే సచ్చిపోదుము" అని వాళ్లు అనడం కూడా ఆనవాయితీయే. ఆ మాట వినడానికే ఆమె అరువిచ్చేదేమో అనిపిస్తుంది. వాళ్లు వెళ్లగానే కోటును మళ్లీ ఉతికేది, వాసనకని, మెత్తదనానికని సీసా మూతనిండా లిక్విడ్ పోసేది, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసేది, ఇస్త్రీ చేసేది, కలరా ఉండలు వేసి అల్మారాలో పెట్టేది. దేవుడి బట్టలకు కూడా అంత మర్యాద జరగదు.

ఇప్పుడు చలిదేశానికి వెళ్లాల్సింది కోడలు మధులిక. హనుమకొండ పిల్ల. కౌలాలంపూర్‌కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి, అదే ఆఫీసులో ఉన్న శరవణ్‌ని చేసుకుంది. పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. పెళ్లికి ముందు కంపెనీ పని మీద జపాన్‌లో రెండు శీతాకాలాలు ఉండి, సెలవు దొరికినప్పుడల్లా మంచు మీద స్కీయింగ్ నేర్చుకుందట. అప్పటి స్నేహితులు ఈ ఏడు మళ్లీ రమ్మన్నారు. మామూలు స్కీయింగ్ మైదానాలు కాదు, ఊరికి దూరంగా, మనుషులు తిరగని కొండలు. ఆ మాట కస్తూరికి నచ్చలేదు. కానీ కొడుకు ఒప్పుకున్నాడు, పిల్ల ముచ్చటపడుతోంది. పైగా ఆ పిల్ల ఇంట్లో ఏనాడూ దేనికీ ఎదురు చెప్పి ఎరగదు. కాఫీలో పంచదార ఎక్కువైనా "మంచిగుంది అత్తమ్మా," చేపలపులుసులో కారం మండిపోయినా కళ్లు తుడుచుకుంటూ "మంచిగుంది అత్తమ్మా." ఇంత మెత్తని కోడలు దొరికిందని కస్తూరి ఆడపడుచు బంగారమ్మ దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయిందో లెక్కలేదు.

ఆ ఆదివారం ముగ్గురూ కౌలాలంపూర్‌లో చలిబట్టలు అమ్మే దుకాణానికి వెళ్లారు. బయట జనం ఎండకు గొడుగులు వేసుకుని తిరుగుతుంటే లోపల గోడనిండా మంచుకొండల బొమ్మలు. మధులిక ఒక కోటు తర్వాత ఒక కోటు తీసి చూస్తోంది. పెళ్లిచీరల దుకాణంలో కూడా ఆ పిల్ల అంత సేపు పెట్టలేదు. లోపలివైపు తిప్పి కుట్ల మీద అతికించిన పట్టీని వేలితో తడిమింది. చంకల కింద జిప్పు ఉందా అని వెతికింది. తలటోపీ హెల్మెట్ మీదికి కూడా వస్తుందో లేదో అడిగింది.

కస్తూరి ఒక అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇదేటమ్మా, ఉల్లిపొరలాగుంది. దీనికి సలి ఆగుతాదేటి?"

"చలికి కాదత్తమ్మా. చలికి లోపల ఉన్నిబట్టలు ఏస్కుంటం. ఇది పైన. గాలి, మంచు, నీళ్లు లోపలికి రాకుండ ఆపాలె. దీన్ని షెల్ అంటరు."

"అంతే అయితే ప్లాస్టిక్ వానకోటు సాలదేటి? రాత్రి సంతలో దొరుకుతాది లా." మాట చివర ఆ లా తగిలించడం మలేషియా అలవాటు.

మధులిక నవ్వింది. "మేం పోయే కొండకు పైకెక్కించే లిఫ్టు ఉండదత్తమ్మా. స్కీలు కట్టుకొని పొద్దంతా పైకి నడవాలె. మస్తు చెమట పడ్తది. ప్లాస్టిక్ ఏస్కుంటే ఆ చెమట బయటికి పోదు, లోపలే నిలుస్తది. పైన ఆగినంక గాలి కొడ్తది గదా, అప్పుడు ఆ తడే మనిషిని గడ్డ కట్టిస్తది. ఈ బట్ట ఏందంటే, బయటి నీళ్లను లోపలికి రానియ్యదు, లోపలి ఆవిరిని బయటికి పోనిస్తది."

దుకాణంలో పనిచేసే కోగిలవాణి అనే అమ్మాయి ముందుకొచ్చి, గ్లాసుతో నీళ్లు తెచ్చి బట్ట మీద ఒలకబోసి, తమిళంలో అదే సంగతి మళ్లీ చెప్పింది. నీళ్లు చేమాకు మీద పడ్డట్టు జారిపోయాయి. ఆ జారడం చూడగానే కస్తూరికి భర్త గుర్తొచ్చాడు.

ఇక్కడ ఆమెను పిసినారి అనుకుంటే పొరపాటు. కొత్త కోటు కొనే తాహతు కొడుక్కీ ఉంది, కోడలికీ ఉంది. ఆమె మనసులో ఉన్నది వేరు. తన భర్తను ఎప్పుడూ చూడని ఈ పిల్లకు ఆయనది ఏదో ఒకటి ఇవ్వాలని పెళ్లయిన రోజు నుంచీ ఆమెకు ఆశ. ఉంగరం శరవణ్‌కి వెళ్లింది. వాచీ ఆగిపోయింది. మిగిలింది కోటే.

"మనింట్లో కోటుంది కదా," అంది.

శరవణ్ తెల్లబోయాడు. "అమ్మా, అది పాతది లా."

"పాతదైతే ఏటి? కొరియా మంచులో తిరిగిన కోటు. చుట్టాలందరికీ పనికొచ్చినాది, ఇంటి కోడలికి పనికిరాదేటి?"

శరవణ్ పెళ్లాం వైపు చూశాడు. అప్పటికి మధులిక చేతిలో కాషాయరంగు కోటు ఒకటుంది. ఒక్క క్షణం దాని వైపు చూసి, జిప్పు పైదాకా లాగి, హ్యాంగరుకు తగిలించి, తీసినచోటే పెట్టేసింది.

"మామయ్య కోటే తీస్కపోత అత్తమ్మా. మంచిగుంటది."

కస్తూరికి ఆ సాయంత్రమంతా కాలు నేల మీద నిలవలేదు. ఇంటికి రాగానే అల్మారా తీసి, కోటు దులిపి, తనే కోడలికి తొడిగింది. భుజాలు కాస్త జారాయి. చేతులు వేళ్ల దాకా వచ్చాయి. గేటు దగ్గర, కాంతయ్య నిలబడ్డ చోటే నిలబెట్టి ఫొటో తీసి, చుట్టాలందరి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. బంగారమ్మ వెంటనే చేతులు జోడించిన బొమ్మ పంపింది. ఆవిడ కొడుకు దేవన్, అన్నిటికీ ముందుగా నవ్వే బొమ్మలు పంపేవాడు, ఆరోజు ఏమీ పంపలేదు. కస్తూరి దాన్ని పట్టించుకోలేదు.

ప్రయాణం శనివారం. గురువారం మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. కస్తూరి ఒక్కతే ఇంట్లో ఉంది. వెనకపెరట్లో తీగ మీద మధులిక కొండకు వేసుకోబోయే ఉన్ని బనియన్లు ఆరేసి ఉన్నాయి. గొడుగులు రెండూ శరవణ్ కారులో ఉండిపోయాయి. ప్రయాణానికి సిద్ధంగా కొక్కేనికి తగిలించిన కోటు ఎదురుగా కనిపించింది. ఇన్నేళ్లూ ఊరందరికీ తొడిగించిందే కానీ తను మాత్రం ఎప్పుడూ తొడుక్కోలేదు. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, సిగ్గుపడుతూనే చేతులు దూర్చింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆయన భుజాల వెడల్పు తెలిసింది. టోపీ తలమీదికి లాక్కుని వానలోకి వెళ్లింది.

బనియన్లు తెచ్చి లోపల పడేసేసరికి ఇంటిముందు లాంగ్‌కాంగ్ పొంగుతోంది. ఆ మురుగుకాలువకు తాటిమట్ట ఏదో అడ్డంపడి నీళ్లు గుమ్మం వైపు వస్తున్నాయి. మలేషియాలో పుట్టినవాళ్లు అది చూస్తూ కూర్చోలేరు. కర్ర పుచ్చుకుని వంగి, పొడిచి, లాగి, మట్టను బయటపడేసి, నీళ్లు సుడి తిరుగుతూ దిగిపోయాక కానీ లోపలికి రాలేదు. లోపలికొచ్చి జిప్పు తీసింది.

లోపల తొడుక్కున్న జాకెట్టు తడిసి ముద్దయింది. భుజాల దగ్గర, వీపు మీద, మోచేతుల దగ్గర చర్మానికి అంటుకుపోయింది. చేతులనిండా తెల్లటి పొలుసులు అతుక్కుని ఉన్నాయి. ఎప్పుడూ పైవైపే ఉతికి, పైవైపే ఇస్త్రీ చేసిన కోటును తొలిసారి తిరగేసి చూస్తే లోపలిపొర పాత సున్నం గోడలా పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. వేలితో గీరితే జిగురుజిగురుగా ఊడొచ్చింది. కుట్ల మీది పట్టీ చివరలు విడిపోయి వేలాడుతున్నాయి.

కస్తూరి కుర్చీలో కూలబడింది. మొదట నమ్మబుద్ధి కాలేదు. ఈ నెలే పాడైందేమో అనుకుంది. ఆ మాటతో తనను తాను ఓదార్చుకోవడానికే దేవన్‌కి ఫోన్ చేసింది. నిరుడు కోటు చివరిసారిగా తీసుకెళ్లింది వాడే.

"అల్లుడా, నిజం సెప్పు. కోటు కొరియా ఎత్తుకెళ్లినావు కదా. తడిసినావా?"

దేవన్ నీళ్లు నమిలాడు. "ఇప్పుడెందుకత్తా అది?"

"సెప్పరా."

"మొదటిరోజే కారిపోయినాది అత్తా. లోపలంతా తెల్లగా రాలినాది. అక్కడే వేరేది కొనుక్కున్నాను."

"మరి జేబులో మిఠాయి పెట్టి, ఇది లేకపోతే సచ్చిపోదును అన్నావు."

"అందరూ అలాగే అంటారు కదా లా. అమ్మే నాకు సెప్పినాది. కోటు తీసుకెళ్లు, పెట్టిలోనే ఉంచు, అక్కడ ఇంకోటి కొనుక్కో, వచ్చాక శుభ్రం సేయించి ఇచ్చేయి, అత్తకి మాత్రం ఏటీ సెప్పకు అని. ముందెళ్లిన వాళ్లు కూడా అలాగే సేసినారంట. నేనే పిచ్చోడిలాగ ఒకరోజు తొడుక్కున్నాను."

కస్తూరి చేతికి అంటిన పొలుసు ఒకటి గోటితో గీరింది.

"మావ కోటు కదత్తా. నువ్వు బాధపడతావని," అన్నాడు దేవన్. మళ్లీ తనే, "మధులిక కూడా అక్కడే కొనుక్కుంటాది లా, కంగారుపడకు. ఆవిడికి ఎవురూ సెప్పలేదేటి?"

ఎవరూ చెప్పి ఉండరు. ఆ రహస్యం పాతవాళ్లది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చెవిలో ఎవరు ఊదుతారు?

ఫోన్ పెట్టేశాక ముందుగా వచ్చింది సిగ్గు. తల కొట్టేసినట్టయింది. ఎంతమంది ఈ గుమ్మంలో నిలబడి, ఆ నీలం కోటు రెండు చేతులా అందించి, దాని గొప్పలు చెప్పి, బయటికెళ్లి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారో. తను వాళ్ల ముందు కళ్లు మెరిపించుకుంటూ ఎలా నిలబడిందో. బంగారమ్మ పంపిన జోడించిన చేతులు గుర్తొచ్చి ఒళ్లు మండింది. దయ కూడా అంతమంది కలిసి చేస్తే ఎగతాళిలాగే ఉంటుంది.

కానీ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకే భయం వచ్చింది. అందరూ అబద్ధం ఆడి పెట్టెలో పెట్టుకున్న కోటును ఈ పిల్ల ఒక్కతే నిజంగా తొడుక్కోబోతోంది. విమానం దిగి నేరుగా కొండ కింద ఊరికి వెళ్తామని చెప్పింది. మర్నాడు తెల్లారగానే నడక. పైకెక్కాక గాలి, మంచు. లిఫ్టు లేని కొండ మీద తడిసిన భుజాలతో ఆ పిల్ల. కస్తూరికి తన తడి జాకెట్టు ఫ్యాను గాలికి చల్లబడుతున్నా మార్చుకోవాలని తోచలేదు.

సరే, కొత్తది కొనిపించాలి. అది రేపు కూడా చేయొచ్చు. ఏం చెప్పి కొనిపించాలి అన్నదే చిక్కు. మామయ్య కోటు ఎందుకూ పనికిరానిదని ఏ నోటితో చెప్పడం? ఎలక కొరికిందంటే సరి. అలా అంటే కోటు గౌరవం కోటుకుంటుంది, తన గౌరవం తనకుంటుంది. కస్తూరి లేచి కత్తెర తెచ్చి, కోటు కింది అంచున చిన్నచిన్న ముక్కలుగా కత్తిరించింది. కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. ఎలక కొరికినట్టు లేదు. కస్తూరి కొరికినట్టే ఉంది.

కత్తెర చేతిలో ఉండగానే ఆమెకు తెలిసొచ్చింది, ఇన్నేళ్లూ ఊరంతా తనకు చేసినదే ఇప్పుడు తను కోడలికి చేస్తోందని.

సాయంత్రం మధులిక రైలు దిగి నడిచి వచ్చేసరికి కోటు బల్లమీద తడితడిగా పరిచి ఉంది. కింద వేసిన పేపరు మీద తెల్లని పొలుసులు, అంచున కత్తిరింపులు.

"ఎలక," అని మొదలుపెట్టి కస్తూరి ఆగిపోయింది. "ఎలక కాదు. నేనే కత్తిరించినాను. ఈ కోటు పనికిరాదమ్మా. వానలో తొడుక్కున్నాను, బొత్తిగా కారిపోయినాది. దేవన్‌ని అడిగితే సానాకాలం నుంచి ఇలాగే ఉందంట. ఎవురూ నాకు సెప్పలేదు."

మధులిక ముఖంలో ఆశ్చర్యం లేదు. తలవంచుకుని బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటోంది.

"నాకు తెల్సు అత్తమ్మా."

"ఏటి తెలుసు?"

"మీరు ఇచ్చిన రోజే బాత్రూంల షవర్ కింద నిలబడి చూసిన. లోపలికి వచ్చినయి నీళ్లు."

"తెలిసి కూడా తొడుక్కుందామనుకున్నావా?"

మధులిక గదిలోకి వెళ్లి సూట్‌కేసులోంచి ఒక పొట్లం తెచ్చి బల్లమీద పెట్టింది. రాత్రి సంతలో దొరికే ప్లాస్టిక్ వానకోటు. "దీన్ని లోపల ఏస్కుని, పైన మామయ్యది ఏస్కుందామనుకున్న."

కస్తూరి ఆ పొట్లాన్ని చూసింది. ఆదివారం దుకాణంలో ప్లాస్టిక్ ఎందుకు పనికిరాదో తనకు ఓపిగ్గా చెప్పింది ఈ నోరే.

"సెమట లోపల ఉండిపోతాదని నువ్వే సెప్పినావు కదా. ఆ తడే మనిషిని గడ్డ కట్టించేస్తాదని."

"అవును."

"మరి?"

మధులిక పొట్లాన్ని తన వైపు లాక్కుంది. "అత్తమ్మ ఇచ్చింది ఏదైనా రెండు చేతులతోని తీస్కోవాలె, వద్దనొద్దు అని మా అమ్మ చెప్పి పంపింది. మీరు మామయ్య కోటు మీ చేతులతోని నాకు తొడిగి, ఫొటో తీసి అందరికీ పంపిన్రు. గప్పుడు వద్దని ఎట్ల అంట అత్తమ్మా? అక్కడ కొనుక్కుందామంటే కూడ, తిరిగొచ్చి మీకు అబద్ధం చెప్పాలె. అది నాతోని కాలేదు."

"సచ్చిపోదువు కదే," అంది కస్తూరి. అరవలేదు. "నా మాట కోసం కొండమీద సచ్చిపోదువు."

వాన వెలిసి చూరునీళ్లు కారుతున్నాయి. మర్యాద అనుకుని మురిసిపోయిన "మంచిగుంది" ఎంత ప్రమాదమైనదో కస్తూరికి అప్పుడు ఎముకల్లోకి దిగినట్టు అర్థమైంది. ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుని అడిగింది.

"కొండమీద మీతోటి పెద్దోళ్లు ఎవురుంటారు?"

"గైడ్ ఉంటడు. జపాన్ ఆఫీసుల నాకు మేనేజరు ఉండె, ఆయన గూడ వస్తుండు."

"ఆయన ఇటు దిగుదాం అన్నాడనుకో. అక్కడ మంచు జారిపోతాదని నీకు అనుమానం వచ్చినాది. అందరూ పద పద అంటున్నారు. నువ్వు వద్దంటావా?"

మధులిక నోరు తెరిచింది, మళ్లీ మూసింది.

కోటు కారిందని తెలిసినప్పటి కంటే ఆ మౌనానికే కస్తూరి ఎక్కువ భయపడింది. అసలు పోవద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే చాలు, ఈ పిల్ల మానేస్తుంది. టిక్కెట్టు రద్దు చేసుకుని, పెట్టె విప్పేసి, "మంచిగుంది అత్తమ్మా" అని కాఫీ తాగుతుంది. ఆ సంగతి తెలుసు గనకే ఆమె ఆ మాట అనలేకపోయింది.

"ఈ ఇంట్లో నాకు వద్దు అని సెప్పాల నువ్వు," అంది చివరికి. "నచ్చకపోతే నచ్చలేదని సెప్పాల. నాకు కోపం వస్తాది, ఏడుస్తాను, అది నేను సూసుకుంటాను. ఇంట్లో అనలేనిది కొండమీద అనలేవు."

మధులిక తలూపింది. ఆ ఊపడం కూడా సరేననడమే అని కస్తూరికి తోచి, నిట్టూర్చి లేచి జాకెట్టు మార్చుకోవడానికి వెళ్లింది.

శుక్రవారం ఆఫీసు అయ్యాక ముగ్గురూ మళ్లీ అదే దుకాణానికి వెళ్లారు. ఈసారి కస్తూరి నోటికి తాళం వేసుకుంది. మధులిక లోపల ఉన్నిబట్టలు వేసుకుని, మీద కోటు వేసుకుని, చేతులు పైకెత్తింది, వంగింది, మోకాళ్ల మీద కూర్చుంది, టోపీ లోపల తల అటూ ఇటూ తిప్పింది. ఒకటి చంక దగ్గర పట్టేసింది. ఒకటి నడుం దాటి పైకి లేచిపోయింది. చివరికి ఆదివారం చేత్తో పట్టుకున్న కాషాయం కోటు దగ్గరికే వచ్చింది. కొత్త పెళ్లికూతురికి సన్యాసుల రంగేమిటని కస్తూరికి మనసులో గొడవగానే ఉంది. కోడలు తన వైపు చూసేసరికి చూపు తిప్పుకుని గోడ మీది మంచుకొండను పరిశీలించింది.

"మంచులో ఎవరికైనా దూరం నుంచి కనబడ్తదని," అంది మధులిక.

"నన్నడక్కు. నీకు నచ్చినాదా?"

"నచ్చింది."

కోగిలవాణి దాన్ని మడతపెడుతూ, ఎలా చూసుకోవాలో తమిళంలో చెప్పింది. వాసన లిక్విడ్ వేసి ఉతకకూడదు, అది బట్టను పాడుచేస్తుంది. నూనె, జిడ్డు, పసుపులాంటివి తగలనివ్వకూడదు, తగిలినచోట నీళ్లు పీలుస్తుంది. మన ఊరి వేడికి, చెమ్మకు మూసిన అల్మారాలో ఏళ్లతరబడి ఉంచితే లోపలిపొర దానంతటదే చివికి ఊడిపోతుంది. చెబుతూ నవ్వింది, "ప్రేమ ఎక్కువైనవాళ్లే పాడుచేస్తారమ్మా వీటిని."

ఆ అమ్మాయికి ఏమీ తెలియదు, మామూలుగా అన్న మాటే. కస్తూరికి మాత్రం అది తగిలింది. మూతనిండా లిక్విడ్ పోసింది తను. అల్మారాలో భద్రంగా మూసిపెట్టింది తను. ఆయన కోటును కొరియా మంచు ఏమీ చేయలేకపోయింది, తనే చంపింది. శరవణ్ చెయ్యి పట్టుకుని దుకాణం బయటికి వచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం కారు గుమ్మం ముందు ఉంది. శరవణ్ తాళాలు ఆడిస్తూ తొందర పెడుతున్నాడు. సూట్‌కేసు హాలులో తెరిచి ఉంది, అన్నిటికంటే పైన కాషాయం కోటు. పక్కన కొక్కేనికి నీలం కోటు ఆరిపోయి వేలాడుతోంది. పారేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

కస్తూరి వంటింట్లోంచి వచ్చింది. చూపుడువేలి చివర తడిపిన పసుపు ఉంది. ఆలోచించి తెచ్చింది కాదు. కొత్తబట్ట మొదటిసారి కట్టేముందు ఒక మూల పసుపు పెట్టడం ఆమె చేతికి పుట్టుకతో వచ్చిన పని. ఆమె తల్లి బాగన్ దాతుక్ ఊరి కొబ్బరితోటల్లో చింకి చీరలు కట్టిన రోజుల్లో కూడా కొత్త తువ్వాలుకైనా పసుపు పెట్టకుండా వాడనిచ్చేది కాదు. పైగా కోడలు పోతున్నది కొండ మీదికి. కస్తూరి వంగి కోటు అంచు వెనక్కి తిప్పింది.

ఆ అంచు మీద మధులిక చెయ్యి పడింది.

"వద్దు అత్తమ్మా."

కస్తూరి వేలు గాల్లోనే ఆగిపోయింది. శరవణ్ తాళాలు ఆడించడం మానేశాడు.

"అది తగిలిన జాగల నీళ్లు పీలుస్తది. నిన్న ఆ అమ్మాయి చెప్పింది గదా. దీనికి వద్దు." ఆ పిల్ల గొంతు వణుకుతోంది, కళ్లు నీళ్లతో నిండిపోయాయి. కానీ చెయ్యి మాత్రం తీయలేదు.

ముఖాన కొట్టినట్టయింది కస్తూరికి. పుట్టింట్లో, అత్తింట్లో కొత్తబట్టకు పసుపు వద్దన్న మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు. కోరింది తనే, నేర్పింది తనే, అయినా నొప్పి నొప్పే. కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. చెప్పినట్టుగానే రెండూ వచ్చాయి. ఆ రెండింటి మధ్యలోంచి, తను ఎప్పుడూ చూడని ఒక తెల్లటి కొండ, దాని అంచున ఆగిన మనుషులు, వాళ్లలో వెనక నిలబడ్డ ఒక కాషాయం చుక్క కనిపించాయి. అందరూ పద అంటున్నారు.

"ఇంకోసారి అను," అంది.

"ఏమని?"

"అదే. ఇప్పుడన్నావు కదా."

మధులిక ఆమె ముఖంలోకి చూసింది. "వద్దు అత్తమ్మా." ఈసారి గొంతు వణకలేదు.

కస్తూరి పసుపు వేలిని కొక్కేనికున్న నీలం కోటు కాలరు మీద తుడుచుకుని, సూట్‌కేసు జిప్పు వేయడానికి వంగింది.